రాత్రిళ్లు పిక్కలు పట్టేస్తే: ముందు ఏం చేయాలి, ఏ మాత్ర ఎవరికి ముప్పు

“అన్నా, రాత్రిళ్లు కాళ్లు లాగేస్తున్నాయి, ఏదన్నా బిళ్ల ఇయ్యి.” కావలిలోనైనా కనిగిరిలోనైనా మందుల షాపు ముందు రోజూ వినపడే మాటే ఇది. షాపతను నొప్పి బిళ్ల ఒకటి, కండరాలు వదులయ్యే బిళ్ల ఒకటి, గ్యాస్ బిళ్ల ఒకటి కత్తిరించి కాగితంలో చుట్టి ఇస్తాడు. మీరు ఇప్పటికే ఏమేం వాడుతున్నారన్న ప్రశ్న మాత్రం రాదు.

కొత్త మాత్ర కొనేముందు ఇంట్లో ఉన్న మాత్రల డబ్బా తెరవాలి. పిక్క పట్టడానికి కారణం కొన్నిసార్లు అందులోనే ఉంటుంది. లేకపోయినా, కొత్త మాత్ర పడుతుందో పడదో తేల్చేది ఆ డబ్బానే. కింది వరసను అలాగే పాటించండి. మందుల సంగతి చివర్లో పెట్టింది అందుకే.

1. పట్టేసిన ఆ నిమిషంలో

పిక్క కొన్ని సెకన్ల నుంచి పది నిమిషాల దాకా బిగుస్తుంది. ఒక్కోసారి అరికాలు, తొడ వెనక భాగం కూడా పట్టేస్తాయి. చేత్తో తాకితే రాయిలా గట్టిగా తగులుతుంది.

ఆ బాధలో చాలామంది మోకాలు ముడుచుకుని, కాలివేళ్లు కిందికి చాస్తారు. పాదం కిందికి వాలితే పిక్క కండరం పొట్టిదై ఇంకా బిగుస్తుంది. చేయాల్సింది దానికి ఎదురు:

- పడుకునే మోకాలు పూర్తిగా చాచండి.
- పాదాన్ని వేళ్లతో సహా ముఖం వైపుకు లాగండి. చెయ్యి అందకపోతే తువ్వాలును పాదం ముందు భాగానికి తగిలించి, రెండు కొసలూ పట్టి లాగండి.
- 20–30 సెకన్లు అలాగే పట్టి ఉంచండి. కుదపొద్దు, ఊపొద్దు. వదలకపోతే మళ్లీ చేయండి.
- బిగువు తగ్గాక కూర్చోండి. గోడనో మంచం పట్టెనో పట్టుకుని లేచి, మడమ నేలకు ఆనించి బరువు మోపండి. గదిలోనే రెండు నిమిషాలు నడవండి.
- చివర్లో పిక్కను మడమ వైపు నుంచి మోకాలి వైపుకు అరచేత్తో రాయండి.

పట్టగానే దిగ్గున లేవడం పెద్దవాళ్లకు ప్రమాదం. దోమతెర అంచు పరుపు కింద దోపి ఉంటుంది, చీకట్లో కాలు అందులో చిక్కుకుంటుంది. పిక్క నొప్పి తెల్లారేసరికి పోతుంది గానీ, తుంటి ఎముక విరిగితే నెలలు మంచంలోనే. అందుకే తువ్వాలును తలగడ పక్కనే పెట్టుకోండి, చిన్న దీపం వెలగనివ్వండి.

వేడినీళ్ల సంచి పెట్టొచ్చు. కానీ షుగరు వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లు పెట్టుకోవద్దు. కాలుతున్న సంగతి తెలియదు, పొద్దున చూస్తే బొబ్బ ఉంటుంది.

మర్నాడు ఒకటి రెండు రోజులు పిక్క సలపడం మామూలే. అవసరమైతే 500 మిల్లీగ్రాముల పారాసిటమాల్ ఒకటి చాలు. లివరు జబ్బున్నవాళ్లు, రోజూ మద్యం తాగేవాళ్లు అదీ అడిగే వేసుకోవాలి.

2. అసలు పిక్క పట్టడమేనా? మీరు వాడే మాటను బట్టి తేలుతుంది

డాక్టరు దగ్గర “కాళ్ల నొప్పులు” అని ఊరుకుంటే సగం సమాచారం పోయినట్టే. మన మాటల్లోనే తేడా ఉంది, దాన్ని వాడుకోండి.

*పట్టేయడం:* ఉన్నట్టుండి కండరం గట్టిపడుతుంది, సాగదీస్తే వదులుతుంది. ఈ వ్యాసం దీని గురించే.

*పీకడం, నిలకడ లేకపోవడం:* పడుకోగానే కాళ్లు ఒకచోట పెట్టబుద్ధి కాదు. లేచి నడిస్తేనో, పిల్లల చేత తొక్కించుకుంటేనో హాయి. కండరం గట్టిపడదు. ఇది వేరే జబ్బు. ఒంట్లో ఇనుము తగ్గినవాళ్లలో ఎక్కువ, అందుకే ఫెర్రిటిన్ పరీక్ష చేయిస్తారు. వాంతులకిచ్చే మెటోక్లోప్రమైడ్, జలుబుకిచ్చే మత్తు మాత్రలు దీన్ని పెంచుతాయి.

*మంట, తిమ్మిరి, సూదులు గుచ్చినట్టు ఉండటం:* నరాల బాధ. షుగరు, బి12 లోపం చూడాలి.

*నడిస్తే పట్టడం, ఆగితే తగ్గడం:* రెండు వీధులు నడవగానే పిక్క పట్టి, నిలబడితే వదిలి, మళ్లీ నడిస్తే పడుతుంటే రక్తనాళం సన్నబడిందని అనుమానించాలి. బీడీ, చుట్ట, సిగరెట్ అలవాటున్నవాళ్లు మరీ జాగ్రత్త. రాత్రి నొప్పికి కాలు మంచం కిందికి వేలాడదీస్తే హాయిగా ఉంటోందంటే ఆలస్యం చేయొద్దు.

*కీళ్లు, నడుము, మెడ బిగుసుకుపోవడం:* కనిగిరి, పామూరు, ఉదయగిరి మెట్ట ఊళ్లలో ఏళ్ల తరబడి ఫ్లోరైడు బోరునీళ్లు తాగినవాళ్లు దీన్ని కూడా “కాళ్లు పట్టేశాయి” అనే చెబుతారు. రాత్రిపూట పిక్క పట్టడానికిచ్చే ఏ మందూ దీనికి పనిచేయదు.

3. ఇవి కనిపిస్తే ఆగొద్దు

- ఒక్క కాలే వాచి, వేడిగా, ఎర్రగా ఉంది, నొప్పి గంటల తరబడి వదలడం లేదు. కాలి సిరలో రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. ఆ కాలు పిసకొద్దు, నూనె రాసి రుద్దొద్దు. ఆయాసం, ఛాతీనొప్పి తోడైతే వెంటనే 108.
- కాలు చల్లబడింది, రంగు మారింది, పుండు మానడం లేదు.
- కండరాల నొప్పితోపాటు మూత్రం కాఫీ రంగులో వస్తోంది.
- దవడ బిగుసుకుపోతోంది, లేదా ఒళ్లంతా కండరాలు పట్టేస్తున్నాయి.
- వాంతులు, విరేచనాల తర్వాత కాళ్లు పట్టి మూత్రం తగ్గిపోయింది.
- కాలిలో బలం తగ్గుతోంది, కండ కరిగిపోతోంది.

4. మాత్రల డబ్బా తెరవండి

ఇంట్లో ఒకరు వాడే మాత్రలన్నీ మంచం మీద పరవండి. బీపీవి, షుగరువి, గ్యాస్‌వి, ఆయుర్వేదం పొడులు, ఇన్‌హేలర్, ఎవరో చెబితే తెచ్చుకున్న విటమిన్లు, ఏదీ వదలొద్దు. కాగితంలో చుట్టిన విడి మాత్రలుంటే వేరే కుప్పగా పెట్టండి. పేరు తెలియని మాత్ర ఎందుకిచ్చారో కనుక్కునేదాకా వేసుకోవద్దు. ఇలాంటి విడి సెట్లలో స్టెరాయిడ్ కలిసి ఉండే అవకాశముంది. అది షుగరును పెంచుతుంది, పొటాషియాన్ని తగ్గిస్తుంది, వాడేకొద్దీ కండరాల బలం తీస్తుంది. నెలల తరబడి వాడి ఉంటే మాత్రం ఒక్కసారిగా ఆపకుండా, ఆ మాత్రలనే డాక్టరుకు చూపించండి.

ఇప్పుడు స్ట్రిప్ వెనక సన్నక్షరాలు చదవండి. పైన పెద్దక్షరాల్లో ఉండేది కంపెనీ పెట్టుకున్న పేరు, మీకు కావలసింది కింద ఉండే మందు పేరు.

*బీపీ మాత్రలు:* మాత్ర పేరు చివర “హెచ్” ఉంటే అందులో సాధారణంగా హైడ్రోక్లోరోథయజైడ్ ఉంటుంది, “సీటీ” ఉంటే క్లోర్‌థాలిడోన్. రెండూ మూత్రం ఎక్కువ పోయేలా చేసే “నీటి మాత్రలు”. వాటితోపాటు పొటాషియం, సోడియం, మెగ్నీషియం కూడా పోతాయి. గుండెకు, నీరుకు ఇచ్చే ఫ్యూరోసెమైడ్, టార్సెమైడ్ కూడా ఈ జాతివే. పిక్కలు పట్టేవాళ్లలో ముందు చూడాల్సినవి ఇవే.

*ఆయాసం ఇన్‌హేలర్లు:* ఫార్మోటెరాల్, సాల్మెటెరాల్, సాల్బ్యుటమాల్. వీటితోనూ పిక్కలు పట్టవచ్చు.

*కొలెస్ట్రాల్ మాత్రలు:* అటోర్వాస్టాటిన్, రోసువాస్టాటిన్. ఇవి తెచ్చేది ఎక్కువగా రెండు తొడల్లో, భుజాల్లో రోజంతా ఉండే నొప్పి, నీరసం. రాత్రి ఒక్కసారి పిక్క పట్టిందని వీటి మీద నేరం మోపలేం. క్లారిత్రోమైసిన్ లాంటి యాంటీబయోటిక్ తోడైన వారంలో నొప్పి మొదలైతే మాత్రం వెంటనే చెప్పాలి.

*గ్యాస్ మాత్రలు:* పాంటోప్రజోల్, రాబిప్రజోల్ లాంటివి ఏళ్ల తరబడి వాడితే కొందరిలో మెగ్నీషియం పడిపోతుంది. పొద్దున్నే కాఫీకి ముందు ఒకటి అలవాటైపోయి, ఎవరు ఎప్పుడు మొదలుపెట్టమన్నారో కూడా గుర్తులేనివాళ్లు మన దగ్గర తక్కువేం కాదు.

*మెట్‌ఫార్మిన్ (షుగరు మాత్ర):* ఏళ్లు గడిస్తే బి12 తగ్గించవచ్చు. అప్పుడు వచ్చేది పట్టడం కాదు, తిమ్మిరి.

ఇక్కడ జరిగే పెద్ద తప్పు, ఇది చదివి మాత్ర ఆపేయడం. స్టెంటు వేయించుకున్నవాళ్లు కొలెస్ట్రాల్ మాత్ర, గుండె బలహీనంగా ఉన్నవాళ్లు ఫ్యూరోసెమైడ్ సొంతంగా ఆపితే వచ్చే ముప్పు పిక్క నొప్పికి పది రెట్లు. ఆపొద్దు, అడగండి. “ఈ మాత్ర మొదలుపెట్టిన నెలకు పట్టడం మొదలైంది, మార్చడానికి వీలుందా?” అన్న ఒక్క వాక్యం చాలు. నీటి మాత్ర రాత్రి వేసుకుంటుంటే పొద్దునకు మార్చవచ్చా అని కూడా అడగండి. రాత్రి మూత్రానికి లేచే బాధైనా తగ్గుతుంది.

5. రెండు వారాల కాగితం, కొన్ని పరీక్షలు

పాత క్యాలెండర్ కాగితం వెనక రాసినా సరే: తేదీ, ఎన్నింటికి పట్టింది, ఏ కాలు, ఎన్ని నిమిషాలు, ఆ పగలు చేసిన పని, నీళ్లు సరిగా తాగారా, ఆ రోజు కొత్తగా వేసుకున్న మాత్ర. రెండు వారాలయ్యాక డాక్టరు ముందు పెట్టండి. నాట్ల రోజుల్లోనే పడుతోందా, ఏ పనీ లేకపోయినా పడుతోందా అన్నది అందులో తేలిపోతుంది.

అందరికీ పరీక్షలు అక్కర్లేదు. తరచుగా పడుతుంటే, పైన చెప్పిన మందుల్లో ఏదన్నా వాడుతుంటే క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు తెలిపే రక్తపరీక్ష), సోడియం, పొటాషియం, కాల్షియం, మెగ్నీషియం, షుగరు, థైరాయిడ్ అడగవచ్చు. రక్తహీనత అనుమానముంటే హిమోగ్లోబిన్, ఫెర్రిటిన్. కొలెస్ట్రాల్ మాత్ర వాడుతూ కండరాల నొప్పి ఉంటే సీపీకే (కండరాలు దెబ్బతిన్నాయేమో చూసే రక్తపరీక్ష). పాదం మీద నాడి చేత్తో చూడమనండి, దానికి ఖర్చేం లేదు.

వీటిలో ఒక్కటే చేయించే స్తోమత ఉంటే క్రియాటినిన్ చేయించండి. కింద వచ్చే చాలా మందులకు, ఆఖరికి కొబ్బరినీళ్లకు కూడా, ఆ అంకెతో పని ఉంది.

6. ఆరు వారాల సాగదీత

2012లో నెదర్లాండ్స్‌లో 55 ఏళ్లు దాటినవాళ్ల మీద జరిగిన ప్రయోగంలో, పడుకోబోయే ముందు పిక్కలు, తొడ వెనక కండరాలు సాగదీసినవాళ్లకు ఆరు వారాల్లో పట్టడమూ తగ్గింది, నొప్పీ తగ్గింది. అన్ని ప్రయోగాల్లోనూ ఇదే ఫలితం రాలేదు. కానీ దీనివల్ల కిడ్నీ పోదు, నిద్రమత్తు రాదు. కాబట్టి మొదట దీన్నే పట్టుకోవాలి.

*పిక్కకు:* గోడకు మూడడుగుల దూరంలో నిలబడండి. అరచేతులు గోడకు ఆనించి, మోకాళ్లు వంచకుండా, మడమలు నేల మీంచి లేవకుండా ముందుకు వాలండి. పిక్కలో లాగుతున్నట్టు అనిపించినచోట ఆగి పది లెక్కపెట్టండి. వెనక్కొచ్చి, మళ్లీ. మొత్తం మూడుసార్లు.

*పిక్క లోపలి కండరానికి:* అదే భంగిమలో మోకాళ్లు కొద్దిగా వంచి మూడుసార్లు. దీన్ని చాలామంది వదిలేస్తారు.

*తొడ వెనక:* మంచం మీద ఒక కాలు చాచి, రెండో కాలు కిందికి వేసి కూర్చోండి. చాచిన కాలి పాదం వైపు నడుము దగ్గరనుంచి వంగండి. పది లెక్క, మూడుసార్లు. తర్వాత రెండో కాలు.

మొత్తం ఐదు నిమిషాలు. ఫలితం రాకపోతే తప్పు సాధారణంగా ఈ మూడింట్లో ఒకటి: మడమ లేస్తోంది, సాగదీయకుండా ఊపుతున్నారు, లేదా నాలుగు రోజులు చేసి మానేశారు. గోడ దగ్గర నిలబడితే తూలేవాళ్లు మంచం మీదే తువ్వాలుతో చేయండి.

పడక కూడా చూసుకోండి. బోర్లా పడుకుంటే పాదం రాత్రంతా కిందికి వాలి ఉంటుంది. అలా అలవాటున్నవాళ్లు పాదాలు పరుపు అంచు దాటి వేలాడేలా జరిగితే సరిపోతుంది. దుప్పటి పాదాల దగ్గర బిగించి దోపొద్దు.

7. నీళ్లు, ఉప్పు, కొబ్బరినీళ్లు

రోహిణీ కార్తె ఎండలో చీమకుర్తి క్వారీల్లోనో, ఉప్పు మడుల్లోనో పనిచేసేవాళ్లకు, పొగాకు బ్యారన్ వేడిలో గంటలు గడిపేవాళ్లకు చెమటతోపాటు ఉప్పు పోతుంది. వీళ్లు ఒట్టి నీళ్లే తాగితే చాలదు. పని మధ్యలో ఉప్పేసిన మజ్జిగ, ఉప్పు, పంచదార కలిపిన నిమ్మనీళ్లు తాగాలి.

ఓఆర్ఎస్ అయితే 20.5 గ్రాముల పొట్లం మొత్తం ఒక లీటరు నీళ్లలో కలపాలి. సగం గ్లాసులో చిక్కగా కలిపితే మేలు కంటే కీడు. అట్టపెట్టెలో వచ్చే పండ్ల రుచి పానీయాలను ఓఆర్ఎస్ అనుకోవద్దు, వాటిలో చక్కెరే ఎక్కువ.

పగలంతా ఫ్యాను కింద కూర్చునే, బీపీ ఉన్న పెద్దాయనకు మాత్రం ఈ సలహా వర్తించదు. పిక్క పట్టిందని ఆయన ఉప్పునీళ్లు తాగితే బీపీ పెరుగుతుంది, అంతే.

కొబ్బరినీళ్ల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. వాటిలో పొటాషియం ఎక్కువ. కిడ్నీ జబ్బున్నవాళ్లకు, స్పైరొనోలాక్టోన్ (పొటాషియాన్ని ఒంట్లోనే నిలిపే నీటి మాత్ర) వాడేవాళ్లకు, టెల్మిసార్టాన్ అనే బీపీ మందు వాడుతూ క్రియాటినిన్ పెరిగినవాళ్లకు పొటాషియం పెరిగితే గుండె లయ తప్పుతుంది. “సోడియం తక్కువ ఉప్పు” పేరుతో అమ్మే ఉప్పులోనూ సోడియం బదులు కలిపేది పొటాషియమే.

8. మందులు: ఏది ఎంతవరకు, ఎవరికి వద్దు

ముందే చెప్పేస్తున్నాం: రాత్రి పిక్క పట్టకుండా ఆపే, అందరికీ భయం లేకుండా ఇవ్వదగ్గ మాత్ర ఇప్పటికి లేదు.

నొప్పి మాత్రలు (డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్). పట్టు కొన్ని నిమిషాల్లోనే వదులుతుంది, మాత్ర పనిచేయడానికి అరగంట పైనే పడుతుంది. రోజూ ముందుగానే వేసుకున్నా పట్టడం ఆగదు. పైగా టెల్మిసార్టాన్ లాంటి బీపీ మందు, నీటి మాత్ర, నొప్పి మాత్ర మూడూ కలిస్తే కిడ్నీ ఉన్నట్టుండి దెబ్బతినవచ్చు. “హెచ్” ఉన్న టెల్మిసార్టాన్ మాత్రలో ఆ రెండూ ముందే ఉన్నాయని గుర్తుంచుకోండి. షాపులో ఇచ్చిన నొప్పి మాత్ర మూడోది అవుతుంది.

కండరాలు వదులయ్యే మాత్రలు. థయోకోల్చికోసైడ్ నడుము పట్టు లాంటి కొత్త నొప్పులకు కొద్ది రోజులిచ్చే మందు. యూరప్ మందుల నియంత్రణ సంస్థ 2013లో దీన్ని నోటిద్వారా ఏడు రోజులు మించొద్దని, గర్భిణులకు వద్దని కట్టడి చేసింది. నెలల తరబడి రాత్రి మాత్రగా వాడేది కాదు. టిజానిడిన్ బీపీ దించుతుంది, మత్తు తెస్తుంది. సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయోటిక్‌తో కలిపి దాన్ని అసలు వేసుకోకూడదు.

క్వినైన్. ఇది మలేరియా మందు. పిక్క పట్టడాన్ని కొంత తగ్గిస్తుందన్నది నిజమే, పాత చీటీల్లో ఇప్పటికీ కనిపిస్తుంది. కానీ ప్లేట్‌లెట్లు హఠాత్తుగా పడిపోవడం, గుండె లయ తప్పడం, షుగరు పడిపోవడం లాంటి ప్రమాదాలున్నాయని అమెరికా మందుల సంస్థ 2006 నుంచి దీన్ని కాళ్ల పట్టుకు వాడొద్దంటోంది. బ్రిటన్‌లో ఏ దారీ లేనప్పుడే, డాక్టరు పర్యవేక్షణలో ఇచ్చి, నాలుగు వారాల్లో గుణం లేకపోతే ఆపేస్తారు. డిగాక్సిన్ (గుండె మందు), వార్ఫరిన్ (రక్తం పలచబరిచే మందు) వాడేవాళ్లకు, గర్భిణులకు వద్దు. ఇప్పటికే వాడుతున్నవాళ్లకు చెవిలో హోరు, చూపు మసక, ఒంటిమీద ఊదా మచ్చలు, చిగుళ్ల నుంచి రక్తం కనిపిస్తే మాత్ర ఆపి అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి. మిగిలిన మాత్రలు పిల్లలకు అందనివ్వొద్దు. ఎక్కువ మోతాదు పడితే చూపు పోతుంది.

మెగ్నీషియం. ఇదీ బాగా అమ్ముడుపోతుంది. ఒంట్లో లోపం లేని పెద్దవాళ్లకు చెప్పుకోదగ్గ లాభం లేదని ప్రయోగాలన్నీ కలిపి చూసిన సమీక్షలు తేల్చాయి. విరేచనాలు మాత్రం అవుతాయి. కిడ్నీ బలహీనంగా ఉంటే మెగ్నీషియం ఒంట్లో పేరుకుంటుంది, వాళ్లు ముట్టుకోవద్దు. థైరాయిడ్ మాత్రకూ దీనికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. డాక్సీసైక్లిన్, సిప్రోఫ్లోక్సాసిన్ వాడే రోజుల్లో మానేయడమే సులువు.

నరాల బలం మాత్రలు. బి12 లోపం తేలితే వాడాల్సిందే. అయితే మిథైల్‌కోబాలమిన్ అని కొన్న మాత్ర పేరు చివర “పీజీ”, “జీబీ”, “ఎన్‌టీ” ఉంటే అది ఒట్టి విటమిన్ కాదు. వరసగా ప్రీగాబలిన్, గాబాపెంటిన్, నార్ట్రిప్టిలిన్ అందులో కలిసి ఉండొచ్చు. రాత్రి బాత్రూముకు లేచి తూలి పడటానికి ఇవే కారణం కావచ్చు. కిడ్నీ జబ్బుంటే మొదటి రెండింటి మోతాదు తగ్గించాలి. నిద్రమాత్రతోనో, మద్యంతోనో కలిస్తే ఊపిరి మందగిస్తుంది. నెలలు వాడాక ఒక్కరోజులో ఆపకూడదు. బి6 ఎక్కువ మోతాదులో చాలాకాలం వాడితే ఆ విటమినే నరాలను పాడుచేస్తుంది.

విటమిన్ డి. లోపముంటేనే. 60,000 యూనిట్ల మాత్ర సాధారణంగా వారానికి ఒకటి. దాన్ని రోజుకొకటి వేసుకుని కాల్షియం పెరిగి ఆస్పత్రి పాలయ్యేవాళ్లున్నారు. చీటీలో “వారానికి” అన్న మాట చుట్టూ పెన్నుతో గీత గీయించుకోండి.

విటమిన్ కె2. 2024లో వెలువడిన చైనా ప్రయోగంలో రోజుకు 180 మైక్రోగ్రాములతో పెద్దవాళ్లలో పట్టడం తగ్గింది. ఆశ కలిగించేదే, కానీ ఒక్క ప్రయోగంతో నమ్మేయలేం. గుండె కవాటం మార్పించుకుని వార్ఫరిన్, ఎసినోకౌమరాల్ వాడేవాళ్లు దీని జోలికే పోకూడదు. రక్తం పలచబరిచే మందు పని ఇది చెడగొడుతుంది.

డిల్టియాజెం, బి కాంప్లెక్స్. చిన్న ప్రయోగాల్లో కొంత గుణం కనిపించింది. మొదటిది గుండె వేగం తగ్గించే మందు. అదే పని చేసే అటెనొలాల్, మెటొప్రొలాల్ వాడేవాళ్లకు కలిపి ఇవ్వాలంటే డాక్టరు చాలా ఆలోచించాలి.

9. కడుపుతో ఉన్నవాళ్లకు

నెలలు నిండేకొద్దీ పిక్కలు పట్టడం ఎక్కువవుతుంది. సాగదీత, తువ్వాలు పద్ధతి వీళ్లకు నిక్షేపంగా పనికొస్తాయి. ఏఎన్ఎం ఇచ్చే కాల్షియం అన్నంతో వేసుకోండి, ఐరన్ మాత్రకూ దానికీ కనీసం రెండు గంటల ఎడం పెట్టండి. రెండూ ఒకేసారి వేసుకుంటే ఇనుము సరిగా ఒంటబట్టదు. నొప్పి మాత్రలు, కండరాల మాత్రలు, క్వినైన్ సొంతంగా ఏవీ వద్దు. ఒక్క కాలు వాచితే “కడుపుతో ఉన్నప్పుడు మామూలేలే” అని ఇంట్లోవాళ్లు అన్నా ఆగకుండా అదే రోజు చూపించుకోండి. కాన్పు తర్వాత ఆరు వారాల దాకా కూడా ఇదే జాగ్రత్త.

10. డాక్టరు మందు రాస్తే

గది బయటికి రాకముందే ఇవి అడగండి:

- ఇది దేనికి, ఎన్ని రోజులు?
- నా క్రియాటినిన్‌కు ఈ మోతాదు సరిపోతుందా?
- నా బీపీ, షుగరు, గుండె మాత్రలతో పడుతుందా? (డబ్బా మొత్తం చేతిలో ఉండాలి, పేర్లు నోటితో చెప్పొద్దు.)
- ఏం కనిపిస్తే ఆపాలి?

ఒకేసారి రెండు కొత్త మందులు మొదలుపెట్టొద్దు. తగ్గినా, తేడా చేసినా ఏది కారణమో తెలియదు. మందు మొదలైన రోజు నుంచి ఆ క్యాలెండర్ కాగితం మళ్లీ రాయండి. నాలుగు వారాల్లో పట్టే రాత్రుల సంఖ్య తగ్గకపోతే, ఆ కాగితంతోనే వెళ్లి మందు ఎలా ఆపాలో అడగండి.

షాపులో స్ట్రిప్ కత్తిరించేటప్పుడు పేరు, గడువు తేదీ ఉన్న కొస మీకే ఇమ్మనండి. కుదరకపోతే స్ట్రిప్ రెండువైపులా ఫోనులో ఫొటో తీసుకుని, ఆ తర్వాతే కత్తిరించనివ్వండి.